సంకర కథలలో ఎవరి నియమము నెగ్గును?

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమను నడిగడ్డ యందురు. ఈ సీమలోని విత్తనపత్తి చేలయందు ఏటేట నేర్పుతో కూడిన పని యొకటి జరుగుచుండును. సాయంత్రము వేళ కూలీలు ఆడ వరుసలలోని మొగ్గలను విప్పి, అందలి కేసరములను గోటితో తీసివేయుదురు. మరునాటి యుదయము మగ వరుసలలో విచ్చిన పూలను కోసి తెచ్చి, వాని పుప్పొడిని ఆడ పూవుల కీలాగ్రములకు రాచెదరు. ఈ పనిని అక్కడివారు క్రాసింగు అందురు. 1970లో గుజరాతులోని సూరతులో సి. టి. పటేల్ హైబ్రిడ్-4 అను సంకర పత్తిని వాడుకలోనికి తెచ్చిన పిమ్మట మన దేశమున వ్యాపించిన విద్య యిది.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. రెండు రకములు కలిసినపుడు ఏ గుణము పైకి వచ్చును, ఏది అణగియుండును అనునది రైతు కోరికను బట్టి గాని, విత్తనముల నమ్మువాని కోరికను బట్టి గాని యుండదు. దానికి నియమములు కలవు. వానిని మెండెల్ 1866లో ప్రకటించెను. మొదటి తరమున పైరు ఏపుగా నుండును. ఆ పైరు గింజలనే మరల విత్తినచో రెండవ తరమున గుణములు చెదరిపోవును. అందుచేతనే రైతు ఏటేట క్రొత్త విత్తనమును కొనవలసివచ్చుచున్నది.

కథలలోను ఇట్టి సంకరణము కలదు. ఒక కథలోని వీరుని వేరొక కథలోని భీకరజంతువుతో కలిపి క్రొత్త కథను పండింతురు. అమెరికా బొమ్మల కథల పుస్తకములలో ఇది యొక పెద్ద సేద్యము. ఆ పుస్తకములందలి వీరులును, వైజ్ఞానిక చలనచిత్రములలోని జంతువులును కలిసినపుడు ఏ నియమము పైకి వచ్చును, ఏది అణగును? ఈ వ్యాసమున పరిశీలింపబోవునది ఈ ప్రశ్ననే.

రెండు వంశములు

సూపర్‌మాన్ 1938లోను, బాట్‌మాన్ 1939లోను బొమ్మల కథలలో పుట్టిరి. వీరిది ఒక వంశము. గాడ్జిల్లా 1954లో జపాను చలనచిత్రమునను, ఏలియన్ 1979లోను, ప్రిడేటర్ 1987లోను అమెరికా చిత్రములలోను పుట్టినవి. ఇది రెండవ వంశము. ఈ రెండు వంశముల కలయికకు ప్రసిద్ధమైన తొలి యుదాహరణములలో నొకటి మార్వెల్ సంస్థ ప్రచురించిన గాడ్జిల్లా బొమ్మల కథ. డగ్ మెంచ్ రచించి, హెర్బ్ ట్రింప్ బొమ్మలు గీసిన ఈ కథ 1977 ఆగస్టు మొదలు 1979 జూలై వరకు 24 సంచికలు వెలువడెను. 1991-92లో బాట్‌మాన్ ప్రిడేటర్‌తోను, 1995లో సూపర్‌మాన్ ఏలియన్ జంతువులతోను తలపడిరి. 2023లో జస్టిస్ లీగ్ వీరులందరును ఒక్కుమ్మడిగా గాడ్జిల్లాను, కాంగ్ అను మహావానరమును ఎదుర్కొనిరి. నేడు వనపర్తి పట్టణములోని బాలుడైనను, అమ్రాబాదు అడవి యంచున నున్న బాలికయైనను ఈ బొమ్మలను సెల్‌ఫోనులో చూడగలుగుచున్నారు. కావున ఉపాధ్యాయునకు ఇవి దూరపు విషయములు కావు.

ఇట్టి కథలు మనకును క్రొత్త గావు. గయోపాఖ్యానమును ఎరుగని తెలుగువారు అరుదు. గయుడను గంధర్వుడు ఆకాశమున పోవుచు ఉమిసిన తాంబూలము కృష్ణుని దోసిట పడెను. కృష్ణుడు వానిని చంపెదనని ప్రతిన పూనెను. సంగతి తెలియక అర్జునుడు వానికి అభయమిచ్చెను. తత్ఫలితముగా ప్రాణమిత్రులిద్దరును యుద్ధమునకు తలపడిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి నాటకము ద్వారా ఊరూర ప్రసిద్ధి కెక్కిన ఈ కథను 1963లో కె. వి. రెడ్డి గారు శ్రీకృష్ణార్జున యుద్ధము అను చిత్రముగా తీసిరి. కృష్ణునిగా రామారావు గారును, అర్జునునిగా నాగేశ్వరరావు గారును నటించిరి. ఈ యుద్ధమున ఎవరు గెలుతురు? ఎవరును గెలువరు. గెలువగూడదు. కృష్ణుడు ఓడిన భక్తులు సహింపరు. అర్జునుడు మాట తప్పిన కథ నిలువదు. కావున చివరకు దైవము అడ్డుపడి ఇరువురిని శాంతింపజేయును.

అమెరికా సంకర కథల కట్టుబాటు కూడ నిదియే. అక్కడ భక్తులకు తోడు యజమానులును కలరు. సూపర్‌మాన్ హక్కు ఒక సంస్థది; ఏలియన్ హక్కు వేరొక సంస్థది. రెండు సొత్తులును చెడకుండ తిరిగి యిండ్లకు చేరవలెను. కావున పోరాటము ఎంత భయంకరముగా నున్నను మరుసటి నెలలో వీరుడు తన పాత కథలోనికి యథాతథముగా మరలిపోవును. సంకరపు పైరు ఏపుగా పెరుగును గాని, దాని గింజ రెండవ పంటకు పనికిరాదు.

విజ్ఞానశాస్త్రమున రెండు సిద్ధాంతములు తలపడినపుడు ఇట్లు జరుగదు. బుధగ్రహపు కక్ష్య శతాబ్దికి 43 సెకనుల కోణము మేర లెక్కకు మించి తిరుగుచున్నది. న్యూటను సిద్ధాంతము దీనికి కారణము చెప్పలేకపోయెను. 1915లో ఐన్‌స్టీను సిద్ధాంతము ఆ 43 సెకనులను సరిగా లెక్కకట్టి చూపెను. న్యూటను ఎంత పూజ్యుడైనను, ఆయనను ఓడింపరాదని అడ్డుపడిన దైవము లేదు. మునుపు ఎరుగని ఫలితమునకు తలయొగ్గుటయే శాస్త్రపు ప్రాణము. కావున ఈ కథలను శాస్త్రదృష్టితో విమర్శించువాడు అడుగవలసిన ప్రశ్న, ఎవరు గెలిచిరి అనునది కాదు. రెండు లోకములు కలిసినచోట ఎవరి నియమము సడలెను? ఆ సడలింపునకు కథకుడు వెల చెల్లించెనా, దాచివేసెనా? ఈ కొలతతో మూడు కథలను చూతము.

గాడ్జిల్లా: పరిమాణపు లెక్క

1954 మార్చి 1న అమెరికా వారు బికినీ పగడపుదీవిలో ఉదజని బాంబును ప్రేల్చిరి. దాని శక్తి 15 మెగాటన్నులు. ఆ బూడిద జపాను చేపల పడవ యొకదానిపై రాలెను. అందలి 23 మంది నావికులు రోగగ్రస్తులైరి. వారిలో నొకడు ఆ సెప్టెంబరులో మరణించెను. ఆ నవంబరులోనే గాడ్జిల్లా చిత్రము వెలువడెను. సముద్రగర్భమున నిద్రించుచున్న ప్రాచీన జంతువు ఉదజని బాంబులచే మేల్కొని నగరములను నాశనము చేయుట దాని కథ. కావున గాడ్జిల్లా కేవలము బెదరించు బొమ్మ కాదు. ఒక దేశము తన గాయమును చూపిన తీరు.

ఐనను దాని దేహమును ప్రశ్నింపకుండ వదలరాదు. ఆ చిత్రమున దాని యెత్తు 50 మీటర్లు, అనగా మనిషి యెత్తునకు సుమారు 30 రెట్లు. మనిషినే అదే ఆకారముతో 30 రెట్లు పెంచితిమనుకొందము. ఎముక అడ్డుకోత వైశాల్యము 30 × 30, అనగా 900 రెట్లు పెరుగును. బరువు 30 × 30 × 30, అనగా 27,000 రెట్లు పెరుగును. 60 కిలోల మనిషి 1,620 టన్నులగును. ప్రతి చదరపు సెంటీమీటరు ఎముక మీదను మునుపటికి 30 రెట్లు భారము పడును. మొదటి అడుగులోనే తొడ యెముక విరుగును. గాడ్జిల్లా దేహము మనిషికంటె స్థూలము, తోక దీర్ఘము. దాని బరువు 20,000 టన్నులని చెప్పుదురు. దాని కష్టము మరింత హెచ్చును.

ఈ నియమమును గలీలియో 1638లో వివరించెను. దీనిని జనసామాన్యమునకు అందజేసినవాడు జె. బి. ఎస్. హాల్డేన్. సరియైన పరిమాణమును గూర్చి ఆయన 1926లో వ్రాసిన వ్యాసము నేటికిని చదువదగినది. ఆయన 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వరములో మరణించెను. ఆయన కోరిక ప్రకారము ఆయన దేహమును కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు ఒప్పగించిరి. జీవుల దేహములను లెక్కగట్టిన శాస్త్రజ్ఞుడు తన దేహమును తెలుగు విద్యార్థుల పాఠమునకు విడిచి వెళ్ళెను.

సూపర్‌మాన్ పుట్టుకలోను ఇదే పొరపాటు కలదు. 1938 నాటి మొదటి కథలోనే అతని బలమునకు శాస్త్రీయమైన కారణమని చెప్పుచు చీమను, మిడుతను చూపిరి. చీమ తన బరువునకు ఎన్నో రెట్ల భారమును మోయునే, మనిషి వంటివాడు అట్లు మోయరాదా యని వారి వాదము. కాని చీమ బలమునకు మూలము దాని చిన్నతనమే. 5 మిల్లీమీటర్ల చీమను 1.7 మీటర్లకు పెంచినచో అది 340 రెట్లగును. బరువుతో పోల్చిన బలము 340 వంతులలో ఒక వంతునకు దిగజారును. అది తన కాళ్ళపై తాను నిలువజాలదు.

ఇక మార్వెల్ వారి కథలోనికి వత్తము. అందు హాంక్ పిమ్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన వాయువుతో గాడ్జిల్లాను చిన్నదిగా చేయుదురు. అది న్యూయార్కు మురుగుకాలువలలో దూరి ఎలుకతో పోరాడవలసివచ్చును. 24 సంచికలలోను నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది. మహాజంతువునకు ఎలుక భయమును చూపుటలో కథకుడు పరిమాణపు నియమమునకు దగ్గరగా వచ్చెను. కాని ఒక లెక్కను చెప్పక దాటిపోయెను. ఆ 20,000 టన్నుల ద్రవ్యము ఏమాయెను?

రెండే మార్గములు కలవు. ద్రవ్యము పోలేదందమా, ఎలుకంత జంతువు 20,000 టన్నుల బరువుతో వీధిని చీల్చుకొని నేలలోనికి దిగిపోవలెను. ద్రవ్యము పోయినదందమా, అది శక్తిగా మారవలెను. 2 కోట్ల కిలోల ద్రవ్యమును కాంతివేగపు వర్గముతో గుణించినచో ఆ శక్తి బికినీ బాంబు శక్తికి దాదాపు 3 కోట్ల రెట్లగును. ఒక బాంబు వలన మేల్కొనిన జంతువును చిన్నది చేయుటకు అట్టి 3 కోట్ల బాంబులు ప్రేలినట్లగును! ఇక్కడ ప్రకృతి నియమము సడలినది. కథకుడు వెల చెల్లింపలేదు. ఐనను ఇంతటి లెక్కకు చోటిచ్చిన పుస్తకమును నిందించుటకు మనసు రాదు.

సూపర్‌మాన్: శక్తి లెక్క

1995 నాటి సూపర్‌మాన్, ఏలియన్ కథను డాన్ జర్గెన్స్ రచించి బొమ్మలు గీసెను. కెవిన్ నౌలన్ వానికి సిరా రేఖలు దిద్దెను. సర్వశక్తుడైన వీరుని ఎదుట ఏ జంతువు నిలువగలదు? ఇది కథకునకు వచ్చిన చిక్కు. అతడు దానిని తెలివిగా విడదీసెను. సూపర్‌మాన్ బలము మన సూర్యుని కాంతి వలన కలుగునని వెనుకటి కథలలో నున్నది గదా. అతనిని సూర్యునికి బహుదూరము పంపెను. బలము రోజురోజుకు ఉడుగుచు, వీరుడు సామాన్య మానవుడగుచుండును. తుదకు ఆ జంతువు పిండము అతని దేహములోనికే ప్రవేశించును. మరల సూర్యకాంతి సోకి బలము తిరిగి వచ్చినపుడే ఆ గండము గడచును.

ఇక్కడ మొదటిసారిగా వీరుడు తన కథలోని నియమమునకు తాను కట్టుబడెను. శక్తి ఎక్కడనుండి వచ్చుచున్నదో అక్కడ ఆగిపోయినచో బలము కూడ ఆగవలెను. కథలోని భయము నిజమైనది. ఎందుకనగా వెల నిజముగా చెల్లింపబడుచున్నది.

ఐనను ఒక చిన్న లెక్కను విద్యార్థులు చేసి చూడవచ్చును. భూమి యున్న దూరమున, వాతావరణమునకు వెలుపల, సూర్యకాంతి చదరపు మీటరునకు సుమారు 1,360 వాట్లు. సూపర్‌మాన్ దేహమున ఎండకు ఎదురుగా నుండు వైశాల్యము 0.7 చదరపు మీటరు అనుకొందము. అతడు ఆ కాంతినంతయు పట్టుకొనినను 950 వాట్లు మాత్రమే. గంటసేపు నిలిచినచో ఒక యూనిట్టు విద్యుత్తునకు కొంచెము తక్కువ. గాడ్జిల్లాను ఒక్క మీటరు పైకెత్తవలెనన్నచో సుమారు 19.6 కోట్ల జౌళ్ళు కావలెను. అందులకు సూపర్‌మాన్ 57 గంటలు, అనగా రెండు రాత్రింబవళ్ళకు మించి, ఎండలో నిలువవలెను. గద్వాల చెంత జూరాలయందు కృష్ణపై కట్టిన 234 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రము పూర్తిగా నడచుచున్నచో అదే శక్తిని ఒక సెకను లోపల నీయగలదు. మన యూరి ఆనకట్ట సూపర్‌మాన్ కంటె ఎంత బలవంతమైనదో విద్యార్థులకు ఇంతకంటె తేటగా చెప్పు మార్గము నాకు తోచదు.

బాట్‌మాన్: వేడిని చూచు కన్ను

డేవ్ గిబ్బన్స్ రచింపగా, ఆండీ క్యూబర్ట్, ఆడమ్ క్యూబర్ట్ సోదరులు చిత్రించిన బాట్‌మాన్, ప్రిడేటర్ కథ మూడు సంచికలది. బాట్‌మాన్‌కు ఏ అతిమానవ శక్తియు లేదు. ప్రిడేటర్ అన్యలోకపు వేటగాడు. తనను కనబడకుండ చేసికొనగలడు. ఎదుటివారి దేహపు వేడిని చూడగలడు. మొదటి పోరాటమున బాట్‌మాన్ తీవ్రముగా గాయపడి మంచము పట్టును. పిమ్మట శత్రువు తీరును ఆలోచించి, తగిన కవచమును సిద్ధపరచుకొని మరల ఎదుర్కొనును. ఓటమి, పరిశీలనము, సాధనము, మరల ప్రయత్నము: ఇది ప్రయోగశాల క్రమమునకు దగ్గరి చుట్టము. మూడు కథలలోను ఇదియే ఉత్తమమని నా అభిప్రాయము. ఇందు వీరునికి మినహాయింపు లేదు.

వేడిని చూచు కన్ను అసంభవము కాదు. గుంటకంటి జాతి సర్పములకు కంటికిని ముక్కునకును నడుమ వేడిని గ్రహించు గుంటలు కలవు. కాని అట్టి కన్ను వేడిని గాక, వేడిలోని తేడాను చూచును. చలిరాత్రి అడవిలో మనిషి దేహము దీపమువలె కనబడును. అదే వేటగాడు మే నెల మధ్యాహ్నమున నాగర్‌కర్నూలు ప్రాంతపు బండల మీదికి వచ్చెననుకొందము. మనిషి చర్మపు వేడి సుమారు 34 డిగ్రీలు. ఎండకు కాలిన బండ 50 డిగ్రీలు దాటును. అక్కడ మనిషి వెలుగు ముద్దగా గాక నల్లని నీడగా కనబడును. బండ చల్లారుచు 34 డిగ్రీలకు దిగిన సాయంత్రపు వేళలో, ఆ బండ నానుకొని కదలక కూర్చున్నవాడు దాదాపుగా కనబడకనే పోవును. 1987 నాటి చిత్రమున వీరుడు బురద పూసికొని తప్పించుకొనును. బురద కొంతసేపటికి దేహపు వేడితో సమానమగును గావున ఆ యుపాయము ఎంతోసేపు నిలువదు. మన పల్లె వీరునకైతే బండయే చాలును.

2023 నాటి జస్టిస్ లీగ్ కథను గూర్చి పెక్కు మాటలు అనవసరము. బొమ్మలు కన్నులపండువుగా నున్నవి. కాని పాత్రల సంఖ్య పెరిగినకొలది ఒక్కొక్క పాత్ర నియమమునకు చోటు తగ్గిపోయెను. గుంపులో ఎవరి లెక్కయు అడుగుటకు వీలుండదు.

గోడమీది గూడు

ఇక ఏలియన్ జంతువును గూర్చి చెప్పవలసియున్నది. అన్యజీవి దేహమున పిండముగా ప్రవేశించి, దానిని తిని, చీల్చుకొని వెలువడు ఈ జంతువు చూచువారికి వెగటును భయమును కలిగించును. ఇది పాశ్చాత్యుల వికృతకల్పన యని అనుకొందుము. కాని ఈ కథను మన పెద్దలు ఎన్నడో గమనించి, దానిపై ఒక న్యాయమునే కట్టిరి. అదియే భ్రమరకీటక న్యాయము.

బడి గోడలపై, కిటికీ మూలలలో కందిరీగలు కట్టు మట్టిగూళ్ళను మనమెరుగుదుము. కందిరీగ ఒక పురుగును తెచ్చి గూటిలో పెట్టి మూసివేయును. కొన్నాళ్ళకు ఆ గూటినుండి కందిరీగయే వెలికి వచ్చును. పురుగు భయముతో కందిరీగనే ధ్యానించి ధ్యానించి తానే కందిరీగయైనదని పెద్దలు చెప్పిరి. ధ్యానమహిమకు ఇది చక్కని యుపమానము. జీవశాస్త్రము మాత్రము కాదు. గూటిని విప్పి చూచినవారికి వేరు సంగతి తెలిసెను. కందిరీగ పురుగును చంపదు. కుట్టి కదలలేకుండ చేయును. చచ్చిన మాంసము కుళ్ళును గదా. కొన్ని జాతులలో అది గూటి కప్పునుండి సన్నని దారముతో గ్రుడ్డును వ్రేలాడదీయును. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల ఆ పురుగులను తిని పెరిగి, కందిరీగయై, మట్టిని తొలిచికొని బయటికి వచ్చును. ఇక్కడ రెండు వివరణములు తలపడినవి. గూడు విప్పి చూచినంతనే ఒకటి ఓడిపోయెను. ఉపమానముగా నది నిలిచియున్నది, వాస్తవముగా నిలువలేదు. నిజమైన సంకర కథ యిది.

కందిరీగను ఏలియన్ జంతువుతో పోల్చినచో ఒక భేదము కనబడును. ఆ చిత్రమున మనిషి రొమ్మును చీల్చుకొని వచ్చిన పిల్ల కొన్ని గంటలలోనే మనిషిని మించి పెరుగును. తిన్నదేమియో చూపరు. కందిరీగ పిల్ల అట్లు చేయజాలదు. అది తిన్న పురుగుల బరువునకు మించి ఎన్నడును పెరుగదు. ప్రకృతి తన చిట్టాలో ఒక్క గ్రాముకూడ తప్పు వ్రాయదు.

అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి. సంకర కథలలో ఈ జంతువు ఎల్లప్పుడు శత్రువే. వీరుడు దానిని తుదముట్టింపవలెను. మన చేలలో సంగతి తలక్రిందులు. పత్తిని, కందిని, శనగను తిను శనగపచ్చ పురుగు రైతునకు శత్రువు. ఆ పురుగు గ్రుడ్డులో తన గ్రుడ్డును పెట్టు ట్రైకోగ్రామా అను అతిసూక్ష్మమైన కీటకము కలదు. దాని నిడివి ఒక మిల్లీమీటరైనను లేదు. పురుగు గ్రుడ్డునుండి పురుగునకు మారుగా ఈ కీటకమే వెలువడును. వీనిని ప్రత్యేకముగా పెంచి, అట్టముక్కలపై అంటించిన గ్రుడ్ల రూపమున రైతులకు ఇచ్చుచున్నారు. కాంపోలెటిస్ అను వేరొక కీటకము చిన్నదశలోనున్న పురుగు దేహములో గ్రుడ్డు పెట్టును, పిల్ల లోపలనుండి తిని వెలికి వచ్చి గూడు అల్లుకొనును, పురుగు చచ్చును. నడిగడ్డ పత్తిచేనిలో భీకరజంతువును, రైతును కాపాడు వీరుడును ఒక్కటే. ఈ సంకరమును ఏ సంస్థయు ప్రచురింపలేదు.

బొమ్మల పుస్తకమును మాత్రమే చదివిన బాలుడు, చేనిలో పురుగు మీద వ్రాలిన సన్ననడుము కీటకమును చూచినచో దానిని నలిపివేయును. అది శత్రువని అతనికి నేర్పితిమి. పిలువకనే వచ్చి సాయపడు ఈ కీటకములు విచక్షణ లేని మందుల పిచికారీ వలన పురుగులతో పాటు చచ్చుచున్నవి. ఏది శత్రువో ఏది మిత్రమో ఆకారమును చూచి నిర్ణయించు అలవాటు పుస్తకములో హాని చేయకపోవచ్చును. చేనిలో తప్పక చేయును.

కథకు లెక్క యేల?

కథలు కథలే గదా, వీనికి శాస్త్రపు లెక్కలేలయని కొందరడుగుదురు. అద్భుతమును నేను కాదనుట లేదు. ప్రతి కథకుడును పాఠకుని ఒక అద్భుతమును నమ్ముమని కోరవచ్చును. ఆ తరువాత మాత్రము లెక్క తప్పరాదు. హనుమంతుడు తన దేహమును పెంచిన కొలది సురస నోరు పెంచెను. తుదకు అతడు బొటనవ్రేలంతయై ఆ నోట దూరి వెలికి వచ్చెను. కోరికొలది రూపము మార్చుకొనుట అద్భుతము. చిన్నతనమే అక్కడ ఉపాయమగుట బుద్ధి. 2012లో రాజమౌళి గారు తీసిన ఈగ చిత్రమును చూడుడు. చచ్చిన మనిషి ఈగగా పుట్టి, పాత పగను మరువకుండుట అందలి అద్భుతము. కాని ఆ ఈగ శత్రువును ఎత్తి పారవేయదు. నిద్రపోనీయదు, బండి నడుపుచుండగా ముఖముపై ముసరి కలవరపెట్టును. ఈగ చేయగల పనులతోనే చాలవరకు కథ నడచును. అందుచేతనే పిల్లలును పెద్దలును దానిని నమ్మిరి. లెక్క కథకు శత్రువు కాదు. లెక్క యున్నచోటనే ఆపద నిజమగును. ఆపద నిజమైనచోటనే వీరము నిజమగును.

కావున ఈ పుస్తకములను విద్యార్థుల చేతినుండి లాగివేయుట నాకు సమ్మతము కాదు. ఉపాధ్యాయులు వానిని తరగతిలోనికి రానిచ్చుట మేలు. తొమ్మిదవ తరగతివారు గాడ్జిల్లా యెముకపై పడు భారమును లెక్కింపవచ్చును. పదవ తరగతివారు సూపర్‌మాన్ ఎండలో నిలువవలసిన గంటలను లెక్కింపవచ్చును. జూరాలకు వెళ్ళినపుడు ఆ లెక్కను మరల తలచుకొనవచ్చును. ఎనిమిదవ తరగతివారు మరింత సులువైన పని చేయవచ్చును. బడి గోడపైని కందిరీగ గూటికి ఎదుట, తగినంత దూరమున నిలిచి, అది ఏమి తెచ్చుచున్నదో, దినమునకు ఎన్ని మార్లు వచ్చుచున్నదో వారము దినములు వ్రాసికొనవలెను. గూటినుండి క్రొత్త కందిరీగ వెలువడి, అది ఖాళీయైన పిమ్మట విప్పి చూడవలెను. లోపల ఏమి మిగిలినదో చూచినచో, పురుగు ధ్యానించి కందిరీగ యాయెనా, కాలేదా యను ప్రశ్నకు వారే సమాధానము చెప్పగలరు.

సెలవులకు ముందు బడి గోడలకు సున్నము వేయించునపుడు ఈ గూళ్ళను రాల్చివేయుట మనకు అలవాటు. ఈ యేడు పిల్లలకు అందని ఎత్తున నున్న ఒక గూటినైనను వదలివేయుడు.